ఓటరు మనసు గురించి అపోహలు, వాస్తవాలు: నల్లగొండ, పాలమూరు గడపల్లో విన్నవి

సర్వేకు బయల్దేరేటప్పుడు నా సంచిలో ట్యాబ్, ఛార్జర్, మంచినీళ్ల సీసాతో పాటు ఒక అట్టపెట్టె కూడా ఉంటుంది. పైన సన్నటి కంత, పక్కన చిన్న తాళం. పార్టీల గుర్తులు అచ్చేసిన కాగితం ఇంటివాళ్ల చేతికిచ్చి, "మీకు నచ్చిన గుర్తు మీద టిక్ పెట్టి, మడిచి ఇందులో వేయండి" అంటాం. మా లైన్‌లో దీన్ని డమ్మీ బ్యాలెట్ అంటారు. పదిహేడేళ్లుగా దేవరకొండ తండాల నుంచి నారాయణపేట దాకా ఈ పెట్టె మోసుకుని తిరుగుతున్నాను. అయినా ఏ పెళ్లికి వెళ్లినా ఎవరో ఒకరు పట్టుకుంటారు. "ఇంటింటికీ తిరిగి అడిగేదేముందమ్మా, పైసలిచ్చినోళ్లకు వేస్తరు, కులం చూసి వేస్తరు, అంతే కద!" అంటారు. అన్నం ముందు పెట్టుకుని వాదించలేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: డబ్బు తీసుకుంటే ఓటు పడినట్టే.

వాస్తవం: డబ్బు పంచడం నిజం, తీసుకోవడమూ నిజం. ఇవ్వడమే కాదు, తీసుకోవడం కూడా నేరమే, ఏడాది దాకా జైలు పడొచ్చు. కానీ తీసుకున్న చెయ్యీ బటన్ నొక్కిన చెయ్యీ ఒకే లెక్క ప్రకారం నడుస్తాయనుకోవడం దగ్గరే పొరపాటు. 2022లో మునుగోడు ఉప ఎన్నిక రోజుల్లో ఒక ఇంట్లో కూర్చున్నాను. పెద్దావిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండానే చెప్పింది: "అందరియి తీస్కున్న బిడ్డా. ఏసేది ఒక్కలకే కద. మిగిలినోల్లయి ఊకెనే వచ్చినట్టు." ఆ ఒక్కరు ఎవరని అడిగితే నవ్వి, చిక్కుడుకాయల చాట నా వైపు జరిపింది. నేనూ ఒలిచాను. జవాబు మాత్రం రాలేదు.

నాకు అర్థమైనంతలో డబ్బు ఓటును కొనడం కంటే, ఇవ్వకపోతే కోపం తెప్పించడం ఎక్కువ. పక్క వాడకు అంది మా వాడకు అందలేదంటే "మమ్మల్ని లెక్కలేసుకోలే" అని మనసులో పెట్టుకుంటారు. అందుకే నాయకులు గెలుస్తామన్న ధీమాతో కాకుండా, పంచకపోతే ఓడిపోతామన్న భయంతో పంచుతుంటారు. ఇంకొకటి కూడా చూశాను. కొన్నిచోట్ల నోటు చేతిలో పెట్టే ముందు దేవుడి పటం మీద ఒట్టు వేయిస్తారు. మామూలుగా పంచిన డబ్బును నవ్వుతూ తీసుకునేవాళ్లు కూడా ఒట్టు దగ్గర ఇబ్బంది పడతారు. ఒకావిడ ఒట్టు వేసేటప్పుడు పటానికి చెయ్యి ఆనించలేదట, "పైపైన పెట్టిన" అని నాతో చెప్పుకుని ఊరటపడింది.

అపోహ: ఎవరికి వేశామో వాళ్లకు తెలిసిపోతుంది.

ఇది సగం అపోహ. మెషిన్ పక్కన వీవీప్యాట్ అద్దంలో మన చీటీ ఏడు సెకన్లు కనిపించి పెట్టెలో పడిపోతుంది. దాని మీద మన పేరు ఉండదు, ఇంటికి తెచ్చుకోవడానికీ ఉండదు. కానీ లెక్కింపు బూత్‌ల వారీగా జరుగుతుంది, ఆ అంకెలు బయటికి వస్తాయి. మీ ఒక్కరి ఓటు తెలియదు గానీ మీ బూత్ ఎటు ఒరిగిందో నాయకుడికి తెలుస్తుంది. వెయ్యి ఓట్లున్న ఊళ్లో దీనితో పెద్ద తేడా రాదు. మూడొందల ఓట్ల తండాకు ఒక్కటే బూత్ ఉంటే మాత్రం "మీ తండా మాకు వెయ్యలేదు, బోరు మీకెందుకు" అనే మాట వినపడుతుంది. జనం భయానికి ఆధారం అక్కడుంది. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే పట్నంవాళ్లంటే నాకు చిరాకు.

అపోహ: మన దగ్గర అంతా కులమే.

వాస్తవం: టికెట్లు ఇచ్చేటప్పుడు కులం చూస్తారు, అందులో అనుమానం లేదు. కానీ మునుగోడు ఉప ఎన్నికలో ప్రధాన పోటీదారులను ఒకసారి గుర్తు చేసుకోండి. టీఆర్ఎస్ నుంచి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి, బీజేపీ నుంచి కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి, కాంగ్రెస్ నుంచి పాల్వాయి స్రవంతి రెడ్డి. ముగ్గురిదీ ఒకే సామాజికవర్గం. అక్కడ మెజారిటీ ఓటర్లు బీసీలు. మరి వాళ్లు ఏ కులాన్ని చూసి తేల్చుకోవాలి?

కులం పని చేసేది వేరే చోట. కుల సంఘం మీటింగ్, బొడ్రాయి పండుగ చందాల లెక్క, చావింట్లో పదకొండో రోజు భోజనాలు లాంటి చోట్ల మాట పుడుతుంది. వెనకటికి 1940లో అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఎరీ కౌంటీలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం అధ్యక్ష ఎన్నికప్పుడు నెలల తరబడి అవే ఇళ్లకు మళ్లీ మళ్లీ వెళ్లి అడిగింది. రేడియో, పత్రికలు జనం ఓటును తారుమారు చేస్తాయనుకుంటే, తేలింది వేరు. మనసు మార్చుకున్నవాళ్లు తక్కువ. వాళ్లను కదిలించింది కూడా ఎక్కువగా పత్రికలు చదివి చుట్టుపక్కలవాళ్లకు విడమర్చి చెప్పే మనుషులే. మా దగ్గర ఆ మనిషి ఉపాధి హామీ మేట్ కావొచ్చు, మహిళా సంఘం లీడర్ కావొచ్చు, కల్లు మండువాలో పేపర్ పైకి చదివే మనిషి కావొచ్చు. అతడిది మీ కులమే కానక్కర్లేదు, మీ పార్టీ కూడా కానక్కర్లేదు. ఊళ్లోకి దిగగానే నేను ముందు వెతికేది ఆ మనిషినే.

అపోహ: నల్లగొండ అంటే పుట్టుకతోనే ఎర్రజెండా. తండ్రి పార్టీయే కొడుకు పార్టీ.

ఈ మాట వినగానే అందరూ 1952 గురించి ఎత్తుతారు. కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణ రెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లిన మాట నిజమే. అది ద్విసభ్య నియోజకవర్గమనీ, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లుండేవనీ ఎవరూ చెప్పరు. ఆయన గొప్పతనం దాంతో తగ్గదు, నెహ్రూ నిలబడ్డదీ ద్విసభ్య నియోజకవర్గమే. అదే నల్లగొండ అసెంబ్లీ సీటు 1985లో ఎన్టీఆర్‌ను గెలిపించింది. నాలుగేళ్ల తర్వాత పక్క పాలమూరు జిల్లాలో కల్వకుర్తి అదే ఎన్టీఆర్‌ను, ముఖ్యమంత్రిగా ఉండగానే, చిత్తరంజన్ దాస్ చేతిలో ఓడించింది.

అంత వెనక్కి పోనక్కర్లేదు. మునుగోడులో రాజగోపాల్ రెడ్డి 2018లో కాంగ్రెస్ నుంచి గెలిచారు. 2022లో బీజేపీ నుంచి పదివేల పైచిలుకు ఓట్లతో ఓడారు. ఆ ఎన్నికలో కాంగ్రెస్‌కు డిపాజిట్ కూడా దక్కలేదు. ఏడాది తిరిగాక 2023లో ఆయన మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చి గెలిచారు. మనిషీ అదే, ఊళ్లూ అవే, ఓటర్లూ దాదాపు వాళ్లే. రక్తంలో పార్టీ ఉంటే ఇన్ని మలుపులు ఎలా వస్తాయి?

ఇంటి నుంచి రావడం అసలు లేదని కాదు. 1965లో అమెరికాలో హైస్కూల్ చివరి ఏడాది పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ విడివిడిగా అడిగి పోల్చిన అధ్యయనం ఒకటుంది. పార్టీ పేరు ఇంటి నుంచి బాగానే దిగింది, విడివిడి సమస్యల మీద అభిప్రాయాలు అంతగా దిగలేదు. నేను ఇక్కడ చూసింది కొంచెం తిరగబడి ఉంది. తండ్రి పార్టీని కొడుకు సులువుగా వదిలేస్తాడు, తండ్రి కోపాన్ని వదలడు. ఏ నాయకుడు భూమి తగాదాలో అవతలి పక్క నిలబడ్డాడో ముప్పై ఏళ్ల తర్వాత కూడా గుర్తుంటుంది.

నీళ్ల సంగతి కూడా అంతే. 1996లో నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంకర్లు పోతున్నాయని ఎవరికి చెప్పినా వినకపోతే, జలసాధన సమితి జనంతో వందలకొద్దీ నామినేషన్లు వేయించింది. ఎన్నిక వాయిదా పడింది, బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. గెలిచింది సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం. మిగతావాళ్లలో ఒకరిద్దరు తప్ప అందరి డిపాజిట్లూ పోయాయి. పోతాయని వాళ్లకు ముందే తెలుసు. ఢిల్లీ నుంచి వచ్చిన జవాబులో ఒక భాగమేమిటంటే, లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచడం. రాజకీయాల్లో పాల్గొనడమంటే ఓటు వేయడం ఒక్కటేనా అని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెప్తాను.

అపోహ: చదువుకున్నవాళ్లకే రాజకీయ చైతన్యం.

వాస్తవం: మునుగోడు ఉప ఎన్నికలో 93 శాతం పోలింగ్. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లా 50 శాతాన్ని కూడా అందుకోలేదు. దీన్ని చైతన్యం అంటారో ఇంకేమంటారో మీ ఇష్టం. ఊళ్లో ఓటు వేయడమంటే హాజరు వేయించుకోవడం లాంటిది. వెయ్యకపోతే రేషన్ కార్డులో పేరు పోతుందని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు (పోదు). నారాయణపేట, మద్దూరు వైపు నుంచి ముంబై, పుణె పనులకు వెళ్లినవాళ్లు సర్పంచ్ ఎన్నికకు బస్సుల్లో వస్తారు. బస్సు ఎవరు పెట్టారో అందరికీ తెలుసు. ఒకసారి తెల్లవారుజామున దిగిన ఒకాయనను ఎందుకొచ్చావన్నా అని అడిగాను. "ఓటుకు వస్తే అమ్మను చూసినట్టయితది" అన్నాడు. నా ట్యాబ్‌లో ఆ జవాబుకు ఆప్షన్ లేదు.

తండాలది ఇంకో కథ. 2018లో 500 జనాభా దాటిన తండాలను పంచాయతీలు చేశాక, అంతకుముందు పక్క ఊరి సర్పంచ్ ఇంటి ముందు నిలబడ్డవాళ్లే నామినేషన్లు వేయడం మొదలుపెట్టారు. గ్రామసభలో మాటలు పెరిగాయి. గొడవలూ పెరిగాయి.

అపోహ: ఫోన్లే ఓటు మార్చేస్తున్నాయి.

2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరుపడ్డ శిరీష ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. ఆమె వీడియోలు రెండు రాష్ట్రాల జనం చూశారు. ఓట్లు ఐదువేల పైచిలుకు వచ్చాయి. చూసేవాళ్లలో కొల్లాపూర్ ఓటర్లు ఎంతమందని! అయితే పార్టీ, పైసలు లేని మనిషికి ఐదువేలంటే తక్కువేం కాదని నా ఉద్దేశం.

నోటా, అంటే "వీళ్లెవరూ వద్దు" అనే బటన్, గురించి కూడా ఒక్క మాట. 2013 నుంచి అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఉంది. దానికి అందరికంటే ఎక్కువ ఓట్లొచ్చినా ఎన్నిక రద్దు కాదు, దాని తర్వాత ఎక్కువ వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు.

అపోహ: ఆడవాళ్లు మగవాళ్లు చెప్పినవాళ్లకే వేస్తారు.

వాస్తవం: ఇది నాకు చెప్పేది ఎప్పుడూ మగవాళ్లే. అచ్చంపేట దగ్గర ఒక ఇంట్లో భార్యను అడిగిన ప్రతి ప్రశ్నకూ భర్తే జవాబు చెప్పాడు. "మా ఇంట్ల నాలుగు ఓట్లు ఒక్కతానికే, రాసుకోండ్రి మేడమ్" అన్నాడు. ఆమె తల ఊపింది. డమ్మీ బ్యాలెట్ ఇస్తే తీసుకుని దూలానికి వేలాడుతున్న ఉట్టి చాటుకు పోయింది. మడిచి, మళ్లీ మడిచి, గోరుతో మడతను గట్టిగా నొక్కి తెచ్చి వేసింది. కాగితం మీద పేరుండదు, ఒక నంబరు ఉంటుంది. రాత్రి లాడ్జిలో పెట్టె తెరిచి నంబర్లు సరిచూస్తే ఆమెది వేరే గుర్తు. ఇలాంటివి ప్రతి సర్వేలో దొరుకుతాయి. అందరూ అలా వేస్తారని అనను, ఇంటిల్లిపాదీ మాట్లాడుకుని ఒకే గుర్తుకు వేసేవాళ్లూ బోలెడు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద ఆడవాళ్ల పోలింగ్ శాతం మగవాళ్ల కంటే ఒక వెంట్రుకవాసి ఎక్కువే నమోదైంది.

అపోహ: "ఇంకా అనుకోలే" అన్నవాళ్లు నిజంగా ఇంకా అనుకోలేదు.

దీనికి నేనూ మోసపోయాను. మొదట్లో ఒక ఊళ్లో ఇళ్లు వదిలేసి అరుగు మీద కూర్చున్నవాళ్లనే ఎక్కువగా అడిగి, సగం ప్రశ్నపత్రాల్లో ఆ జవాబే తెచ్చి ఇచ్చాను. సూపర్‌వైజర్ తిట్టి తిప్పి పంపాడు. రెండోసారి వెళ్తే, అంతకుముందు రోజు "అనుకోలే" అన్న తాత తన పెరట్లో గొడ్డుకు నీళ్లు పెడుతూ కనిపించాడు. చుట్టూ ఎవరూ లేరు. మళ్లీ అదే ప్రశ్న అడిగాను.

"మొన్న చెప్పలే గదా తాతా, ఇప్పుడన్న చెప్పు."

"ముందుగాల నువ్వు ఎవల మనిషివో చెప్పు బిడ్డా."

ఏ పార్టీ మనిషినీ కాదని గుర్తింపు కార్డు తీసి చూపించాను. కార్డును తిప్పి వెనక వైపు కూడా చూశాడు. "అయితే నీకు చెప్తే మాత్రం ఏమొస్తది?" అని బకెట్ పట్టుకుని లోపలికి పోయాడు. నేను మళ్లీ "ఇంకా నిర్ణయించుకోలేదు" దగ్గరే టిక్ పెట్టాను.