పడమటి గాలి చల్లగా ఉండే ఊరు

"గొడుగు ఒకటి సరిపోతుందా, రెండు పెట్టుకోనా?" జూన్‌లో సియాటిల్ ప్రయాణానికి పెట్టె సర్దుతూ విశాఖ నుంచి మా అమ్మ ఫోన్‌లో అడిగింది. గొడుగు వద్దు, స్వెట్టర్ పెట్టుకో, జులై మొదటి వారం దాటాక అదీ అక్కర్లేదు అన్నాను. నమ్మలేదు. రెండు గొడుగులూ దిగాయి.

అమ్మ తప్పేం లేదు. సియాటిల్ అంటే ఎప్పుడూ ముసురే అని మనవాళ్లలో స్థిరపడిపోయింది. లెక్క తీస్తే ఇక్కడ ఏడాదికి కురిసేది సుమారు 1000 మిల్లీమీటర్లు, విశాఖకు అటూ ఇటుగా అంతే. కాకపోతే అక్కడ ఒక్క వాయుగుండం రెండు రోజుల్లో దంచి కురిపించేదాన్ని ఇక్కడి మబ్బులు నెల్లాళ్లు తుంపర తుంపరగా రాలుస్తాయి. అదీ అక్టోబరు నుంచి మే దాకా. జులై నెల మొత్తానికి సగటున పడేది 15 మిల్లీమీటర్లు. 2017లో జూన్ 18 నుంచి ఆగస్టు 11 దాకా వరసగా 55 రోజులు వాన చుక్క పడలేదు. చలికాలమంతా పచ్చగా ఉన్న గడ్డి ఆగస్టుకల్లా గోధుమరంగుకి మారుతుంది. వానలకు పేరుపడ్డ ఊళ్లో పచ్చిక మాడిపోవడం చూసి వచ్చిన కొత్తలో నేనూ నోరు తెరిచాను.

కారణం ఉత్తర పసిఫిక్ మీద కూర్చునే పెద్ద అధిక పీడన ప్రాంతం. చలికాలంలో అది దక్షిణానికి జరిగి ఉంటుంది కాబట్టి తుపానులు వరసకట్టి సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రపు పడమటి తీరానికి వస్తాయి. వేసవిలో అది పైకి పాకి, ఆ తుపానుల దారిని అలాస్కా వైపు తోసేస్తుంది. మనకు నైరుతి రుతుపవనాలు ఊపందుకునే నెలలోనే ఇక్కడ వానలకు తలుపు మూసుకుంటుందన్నమాట. జూన్ మాత్రం ఎటూ తేలని నెల. మన దగ్గర రోహిణి కార్తెలో రోళ్లు పగులుతుంటే ఇక్కడ మబ్బు పట్టి, పొద్దున్నే జాకెట్ వెతుక్కునేలా ఉంటుంది. జూన్‌ని, జనవరిని కలిపి 'జూన్యువరీ' అని ఇక్కడివాళ్లు దానికి ముద్దుపేరు పెట్టారు.

ఇక ఎండ సంగతి. కోస్తాంధ్రలో పుట్టినవాళ్లకు పడమటి గాలి అంటే వడగాలి. మే నెలలో ఆ గాలి ఆగి తూర్పు నుంచి సముద్రపు గాలి ఎప్పుడు తిరుగుతుందా అని ఎదురుచూస్తాం. సియాటిల్‌లో ఇది అద్దంలో బొమ్మ. సముద్రం పడమట ఉంది. వేసవిలో తీరం వెంబడి ఉత్తరం నుంచి వీచే గాలి పైనీటిని నడిసముద్రం వైపు నెట్టేస్తుంటే, అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. అందుకే ఆ నీరు వేసవిలో కూడా కాలు పెడితే జివ్వుమంటుంది. దాని మీదుగా వచ్చే గాలి ఒలింపిక్ కొండలకు అటు వాన్ డి ఫ్యూకా జలసంధి గుండా, ఇటు చెహేలిస్ లోయ గుండా ఊళ్లోకి దూరుతుంది. మామూలు జులై మధ్యాహ్నం 26 డిగ్రీలతో సరిపెట్టుకుంటున్నామంటే దాని పుణ్యమే.

తూర్పున కాస్కేడ్ పర్వతాలు. వాటికి అవతల ఎండకు కాలే పొడి నేల. గాలి తూర్పుకి తిరిగి ఆ కొండలెక్కి ఇటు దిగిందంటే, దిగుతూ నొక్కుకుపోయి ప్రతి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. సైకిల్ ట్యూబుకి గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కుతుందే, అదే సూత్రం.

2021 జూన్ చివర్లో అదే జరిగింది. పైన బలమైన అధిక పీడనం మూతలా పట్టింది, కింద తూర్పు గాలి దిగింది. జూన్ 28న సియాటిల్ విమానాశ్రయంలో 42.2 డిగ్రీలు. ఆ వడగాలులకు ముందు రికార్డు 2009 నాటి 39.4. పైన కెనడాలోని లిట్టన్ అనే చిన్న ఊళ్లో మర్నాడు 49.6 నమోదైంది, ఆ మర్నాడే ఊరు చాలావరకు కార్చిచ్చుకి కాలిపోయింది. బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం ఒక్కదాంట్లోనే ఆ వేడికి 619 మంది చనిపోయారు. 42 డిగ్రీలంటే విజయవాడవాళ్లు నవ్వుతారు, నిజమే. కానీ ఇక్కడి ఇళ్లు వేడిని లోపల దాచుకోవడానికి కట్టినవి. అప్పటికి దాదాపు సగం ఇళ్లలో ఏసీ లేదు, మా అపార్ట్‌మెంట్‌లోనూ లేదు. సీలింగ్ ఫ్యానుకి కొక్కెం కూడా ఉండదు. కిటికీలకు తడి దుప్పట్లు కట్టుకుని, దేవుడి దగ్గర పెట్టిన కొవ్వొత్తి నడుం వంగడం చూస్తూ కూర్చున్నాం. ఆ రాత్రి గాలి పడమరకి తిరిగాక గానీ ఊపిరి ఆడలేదు.

మరి ఇలాంటిది ఈ వేసవిలో వస్తుందా? ముందస్తు అంచనా చెప్పలేనిది సరిగ్గా ఇదే. అమెరికాలో క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ ప్రతి నెలా మూడో గురువారం మూడు నెలల అంచనా ఇస్తుంది. 1991 నుంచి 2020 దాకా గడిచిన 30 వేసవులను వేడిని బట్టి వరసపెట్టి పైది, నడిమిది, కిందిది అని మూడు వాటాలు చేస్తారు. ఏ సమాచారమూ లేకపోతే ఒక్కో వాటాకి 33 శాతం అవకాశం. మ్యాప్‌లో "50 శాతం వేడి" అని ఉంటే, ఈ వేసవి పై వాటాలో పడే అవకాశం 33 నుంచి 50కి పెరిగిందని మాత్రమే అర్థం. ఎండ సగం ఎక్కువ కాస్తుందని కాదు. అది మూడు నెలల సగటు గురించి చెప్పే మాట. అందులో ఏ నాలుగు రోజులు తూర్పు గాలి వీస్తుందో ఏప్రిల్‌లో ఎవరికీ తెలియదు, వారం పది రోజుల ముందే తెలుస్తుంది. పైగా భూమి వేడెక్కుతుండటంతో ఈ మధ్య ఆ మ్యాప్ మీద ఈ మూల చాలా ఏళ్లు ఎర్రగానే ఉంటోంది. అది చూసి టెన్షన్ పడటం నేను మానేశాను. "వాన మామూలు కన్నా తక్కువ" అన్న అంచనా ఇంకా విచిత్రం. జులైలో మామూలే 15 మిల్లీమీటర్లైతే అందులో తక్కువేంటి?

నేను చూసేది వేరే. కొండల మీద మంచు ఎంత మిగిలింది? 2015లో చలికాలం వెచ్చగా గడిచి మంచుకి బదులు వానే పడింది. మంచు కరిగి వేసవి నదుల్లోకి నీరు రావాలి కదా, రాలేదు, రాష్ట్రమంతా కరువు ప్రకటించారు. రెండోది, సముద్రం ఎంత వెచ్చగా ఉంది? 2013 నుంచి రెండు మూడేళ్లు ఉత్తర పసిఫిక్‌లో వెచ్చటి నీటి ముద్ద ఒకటి తిష్ఠ వేసింది. అప్పటి వాషింగ్టన్ రాష్ట్ర వాతావరణవేత్త నిక్ బాండ్ దానికి 'బ్లాబ్' అని పేరు పెట్టారు. సముద్రం వెచ్చబడితే రాత్రిళ్లు చల్లబడవు, ఏసీ లేని ఇంటికి అదే అసలు కష్టం. ఎల్ నినో గురించి వేసవిలో ఇక్కడ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు, దాని ప్రతాపమంతా చలికాలం మీదే.

దగ్గరి రోజుల సంగతికైతే ఇక్కడి వాతావరణవేత్తలకు ఒక చిట్కా ఉంది. తీరంలోని హోక్వియమ్ ఊళ్లో గాలి పీడనం, సియాటిల్‌లో పీడనం పక్కపక్కన పెట్టి చూస్తారు. తీరంలోది మూడు, మూడున్నర మిల్లీబార్లు ఎక్కువైందంటే సముద్రపు గాలి తోసుకొస్తున్నట్టే.

జులై చివర్లో ఒకరోజు 33 డిగ్రీలు కొట్టింది. సాయంత్రం ఫోన్‌లో ఆ రెండు అంకెలూ చూసి, రాత్రికి చల్లబడుతుందిలే అన్నాను. కాసేపటికి బాల్కనీలో అమ్మ ఆరేసిన చీర లోపలికి ఎగరడం మొదలైంది. "సముద్రపు గాలి తిరిగిందిరా" అంది అమ్మ, అలవాటుగా తూర్పు వైపు చూస్తూ.