సూది, దారం, రింగు: సెలవులకొచ్చే పిల్లలకు జేజి ఉత్తరం

చిన్నీ, బుజ్జీ,

ఎండాకాలం సెలవులకు అనంతపురం వచ్చినప్పుడు ఎంబ్రాయిడరీ నేర్పించమని ఫోన్లో అడిగినారు కదా, నేర్పిస్తాలే. కానీ మీ నాయన చూపించిన ఆ ఆన్‌లైన్ కిట్టు మాత్రం కొనాకండి. పక్కింటి పాప అట్లాంటిదే తెప్పించుకుంటే తెరిచి చూసినా, డబ్బా నిండా రంగులే, దారం రోంత లాగితే పీచు పీచు అయిపోతాంది. పాతూరులో ఫ్యాన్సీ షాపుకు నేనే పిల్చుకోని పోతా, ఐదారు రంగులు చాలు మనకు.

యాంకర్ కంపెనీ ఎంబ్రాయిడరీ దారం ఒక కట్ట 8 మీటర్లు ఉంటాది. చూసేకి ఒకే దారం మాదిరి ఉంటాది గానీ అందులో 6 పోగులుంటాయి. మూరెడు తుంచుకోని, కొసన ఒక్క పోగు పట్టుకోని నిదానంగా పైకి లాగాల, మిగతావి కిందకు ముడతలు పడి కుచ్చు అయితాయి, అప్పుడు ఇంకోటి లాగాల. రెండు ఒకేసారి లాగినారంటే చిక్కే. సన్నగా కాడకుట్టు, అదే పువ్వుల కాడలకు వేసే కుట్టు, వేసేకి రెండు పోగులు, గొలుసుకుట్టు లావుగా కావాలంటే మూడు. మాటిమాటికీ సూదిలో ఎక్కించుకోలేక నేను బారెడు తీసుకుంటే మా అమ్మ అరిచేది. ఎందుకంటే దారం గుడ్డలోంచి దూరిన ప్రతిసారీ ఒరుసుకుంటాది కదా, పొడుగుంటే చివరికొచ్చేసరికి నూగు లేచి మెరుపంతా పోతాది.

సూదులకు నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడతాది, ఇది ఉల్టా అని గుర్తుపెట్టుకోండి. రెండు మూడు పోగులకు 7, 8 నంబర్లు సరిపోతాయి. సూది పొడిచిన సందులోంచే దారం పోవాల, అందుకే సూది మరీ సన్నంగా ఉంటే దారం పట్టుకోని లాగాల్సొస్తాది, లావుగా ఉంటే గుడ్డకు బెజ్జాలు మిగిలిపోతాయి.

గుడ్డను బిగించుకునే రింగు చెక్కది తీసుకుందాం, 6 అంగుళాలది, మీ చేతులకు అదే బాగుంటాది. లోపలి రింగుకు పాత పంచె గుడ్డ సన్నంగా చింపి చుట్టాల, అప్పుడు గుడ్డ జారదు. బిగించినాక వేలితో తడితే పలక మాదిరి టకటకమనాల. మూలల కాడ పట్టుకోని ఐమూలగా లాగాకండి, గుడ్డ సాగిపోయి, రింగు తీసినాక పువ్వంతా ముడుచుకుంటాది. కుట్టడం ఆపినప్పుడల్లా రింగు తీసేయాల, ఈ మాట ఊరికే చెప్తాండ్లేదు. నా పెండ్లికి ముందు ఒక దిండు గలీబు మీద నెమలి కుడతా కుడతా మధ్యలో వదిలేసి, రింగు అట్లనే గుడ్డకు పెట్టి ఎండాకాలమంతా గూట్లో పడేసినా. మన ఊరి దుమ్ము మీకు తెలుసు కదా. తీసి చూస్తే నెమలి చుట్టూ గుండ్రంగా మట్టి మరక, ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

గుడ్డ పాప్లిన్ గానీ కేస్‌మెంట్ గానీ, కొన్నాక ముందు తడిపి ఆరేసి ఇస్త్రీ చేయాల. కాటన్ మొదటి ఉతుకులో గుంజుకుంటాది, కుట్టినాక గుంజుకుంటే పువ్వు చుట్టూ ముడతలే. బొమ్మ దించుకునేకి పసుపుపచ్చ కార్బన్ పేపరు చాలు, నల్లది వద్దు, మరకలైతాది. చిన్న కత్తెర ఒకటి కొందాం, దాంతో కాగితాలు కోసినారంటే మొద్దుబారుతుంది, ఇంక దారం కొస శుభ్రంగా తెగదు, సూది బెజ్జంలో దూరదు.

అద్దాల పని కావాలని చిన్ని అడిగింది. తాండాల్లో లంబాడీ ఆడోళ్ళ పావడాలకు ఉంటాయే, అవి. ఆ అద్దానికి బెజ్జమే ఉండదు తెలుసా, దాని మీద అడ్డంగా నిలువుగా దారాలు బిగించి, ఆ దారాలనే పట్టుకోని చుట్టూ అల్లతారు. మొదటి నాలుగు దారాలు వదులైతే అద్దం రాలిపోతాది, కాబట్టి ముందు గొలుసుకుట్టు చేయి తిరగనీ.

వచ్చేటప్పుడు మీ అమ్మ పాత కాటన్ చీర ఒకటి అడిగి తీసుకోరాండి, దాని మీద నేర్చుకుందురు. ఆ నెమలి గలీబు ఇంకా బీరువాలోనే ఉంది, మీ తాతకు తెలియకుండా చూపిస్తా.

మీ జేజి