లాంతరు గుమ్మడి, పులుసు గుమ్మడి

గుమ్మడికాయకు మూత కోయడం పెద్దవాళ్ల పని, లోపల చెయ్యి పెట్టడం పిల్లల పని. అమెరికాలో, ఇల్లినాయ్‌లోని మా ఇంట్లో ఏటా అక్టోబరు చివర్లో, హాలోవీన్ పండక్కి గుమ్మడికాయను తొలిచి లాంతరు చెక్కేటప్పుడు, పంపకాలు ఇలాగే జరుగుతాయి. వంటింట్లో నేల మీద పాత పేపర్లు పరిచి, మధ్యలో కాయ పెట్టి, చుట్టూ చేరతాం. మొదటిసారి మా చిన్నదానికి నాలుగేళ్లు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, ఠక్కున వెనక్కి లాక్కుంది. "నాన్నా, లోపల జుట్టుంది!" అని కేక.

దాని తప్పేం లేదు. చల్లగా, జిగటగా వేళ్లకు చుట్టుకునే ఆ నారింజ రంగు పీచును తాకితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ కాయ సంసారమంతా ఆ పీచులోనే ఉంది. తీగ నుంచి వచ్చే నీళ్లూ చక్కెరా గింజలకు అందేది ఆ దారినే. ఒక గింజను నెమ్మదిగా లాగి చూడండి, మొనకు సన్నటి దారం అంటుకుని వస్తుంది. గింజకు అది బొడ్డుతాడు. ఈ మాట చెప్పగానే పిల్లలిద్దరూ చొక్కాలెత్తి తమ బొడ్లు చూసుకున్నారు.

గింజలు లెక్కపెట్టే పని పెద్దాడు తీసుకున్నాడు. 412 దగ్గర విసుగొచ్చి వదిలేశాడు. వదిలేశాడు గానీ, ఆ లెక్కకు అర్థముంది. ఒక్కో గింజ తయారవ్వాలంటే ఆడపువ్వు మీద పడ్డ ఒక్కో పుప్పొడి రేణువు లోపలి దాకా చేరి, ఒక్కో అండంతో కలవాలి. 412 గింజలంటే తక్కువలో తక్కువ 412 రేణువులు. గుమ్మడి పుప్పొడి రేణువు పెద్దది, ఒళ్లంతా ముళ్లూ జిడ్డూ. గాలికి ఎగరదు. ఎవరో ఒకరు మోసుకు రావాలి. పువ్వేమో తెల్లవారుతూనే విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుంటుంది. అంతా కలిపి ఒక్క పూట గడువు.

ఆ పూటలో మోత పని చేసేవాటిలో ముఖ్యమైనది స్క్వాష్ తేనెటీగ, అంటే గుమ్మడి తేనెటీగ. దీనికి తుట్టె ఉండదు, రాణి ఉండదు. ఒక్కో ఆడ ఈగ నేలలో తన బొరియ తాను తవ్వుకుని, పిల్లల కోసం గుమ్మడి జాతుల పుప్పొడి మాత్రమే తెచ్చి దాచుకుంటుంది. మామూలు తేనెటీగలు ఇంకా లేవకముందే ఇది డ్యూటీ ఎక్కుతుంది. మగవాటికి ఇల్లూ వాకిలీ లేదు. పొద్దున్నంతా పువ్వుల చుట్టూ తిరిగి, మధ్యాహ్నం పువ్వు ముడుచుకుంటుంటే అందులోనే దూరి పడుకుంటాయి.

మా అమ్మది తెనాలి దగ్గర పల్లె. సంక్రాంతి నెలలో గొబ్బెమ్మల మీద పెట్టడానికి గుమ్మడి పూలు కోసుకు రమ్మని నన్ను పాదు దగ్గరికి పంపేటప్పుడు, "ఒరేయ్, కింద పిందె ఉన్న పువ్వు ముట్టుకోకురా" అని ఒకటికి రెండుసార్లు చెప్పేది. పొడుగు కాడ మీద నిలబడ్డది మగపువ్వు, అడుగున చిన్న ఉండ ఉన్నది ఆడపువ్వు. మగపూలు ఎక్కువ పూస్తాయి కాబట్టి నాలుగు కోసినా పంటకు నష్టం లేదు. బతుకమ్మలో గుమ్మడి పూలు పెట్టే ఇళ్లలోనూ పిల్లలకు ఈ పాఠం పాదు దగ్గరే అందుతుంది. నాకు కాలేజీలో వృక్షశాస్త్రం మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేటప్పటికి ఇది పాత కబురు.

ఇక పులుసు సంగతి. మొదటి ఏడు, లాంతరు చెక్కగా మిగిలిన ముక్కలు పారెయ్యడానికి మనసొప్పక పులుసు పెట్టాను. చింతపండు, బెల్లం, మెంతులు, అన్నీ అమ్మ చెప్పిన లెక్కే. ముక్కలు సగం నీరై, సగం పీచై కూర్చున్నాయి. మా ఆవిడ ఒక ముద్ద తిని, ఏమీ అనకుండా పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది.

తప్పు వంటది కాదు, జాతిది. మెట్ల మీద పెట్టే లాంతరు గుమ్మడి కుకుర్బిటా పెపో. మన ఊళ్లలో పులుసులో పడేది ఎక్కువగా కుకుర్బిటా మాస్కేటా. ఇద్దరూ దాయాదులే, కానీ వేరు కాపురాలు. లాంతరు కాయల్లో బాగా పేరున్న హౌడెన్ రకాన్ని తయారు చేసింది మసాచుసెట్స్ రైతు జాన్ హౌడెన్. ముదురు నారింజ రంగు, కదలకుండా కూర్చునే ఆకారం, పిల్లలు పట్టుకుని మోయడానికి గట్టి తొడిమ. వీటి కోసం ఎంచిన కాయలో రుచి వెతకడం నాదే పొరపాటు.

తమాషా ఏమిటంటే, నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగ బల్ల మీదికి వచ్చే 'పంప్కిన్ పై' అనే తీపి వంటకం కూడా ఈ లాంతరు కాయతో చేయరు. మేముండే బ్లూమింగ్టన్ నుంచి ముప్పావు గంట ప్రయాణంలో మోర్టన్ అనే చిన్న ఊరుంది. ప్రపంచ గుమ్మడి రాజధాని అని దానికి బిరుదు. అక్కడి లిబ్బీస్ ఫ్యాక్టరీలో డబ్బాల్లోకి ఎక్కే గుమ్మడి డికిన్సన్ రకం. అదీ మాస్కేటానే. పైకి చూస్తే నారింజ రంగు కాదు, వెలిసిన గోధుమ రంగు, కోలగా ఉంటుంది. పిల్లలకు చూపిస్తే "ఇది పంప్కిన్ కాదు" అని తేల్చేశారు. ఆ కాయకు గుమ్మం ముందు లాంతరు కన్నా మా అమ్మ పులుసుతోనే దగ్గర చుట్టరికం. ఇక సెప్టెంబరు నుంచి ప్రతి కాఫీ షాపులో గుబాళించే పంప్కిన్ స్పైస్ వాసన అసలు గుమ్మడిదే కాదు. దాల్చినచెక్క, శొంఠి, జాజికాయ, లవంగాలది. మన మసాలా డబ్బా మూత తీసినట్టే.

మూడో జాతి మాక్సిమా. 2025 అక్టోబరులో ఇంగ్లండ్‌లో పేటన్ కవల సోదరులు పండించిన కాయ సుమారు 1,279 కిలోలు తూగి ప్రపంచ రికార్డు కొట్టింది. మా పెద్దాడి దృష్టిలో సైన్స్ అంటే ఇదీ, మిగతాది హోంవర్క్.

అసలు లాంతరుగా మొదట వెలిగింది గుమ్మడే కాదు. ఐర్లండ్‌లో చలికాలం అడుగుపెట్టే వేళ, అక్టోబరు 31 రాత్రి, టర్నిప్ దుంపను తొలిచి, కోరల ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవాళ్లు. 1840ల కరువులో లక్షలమంది ఐరిష్ వాళ్లు అమెరికా చేరారు. ఇక్కడ పొలాల నిండా గుమ్మడి. టర్నిప్ తొలిచినవాడికి తెలుస్తుంది గుమ్మడి ఎంత మెత్తని వరమో. నేనోసారి ప్రయత్నించి స్పూన్ వంచేశాను.

చెక్కిన లాంతరు ఎక్కువ రోజులు ఆగదు. మాది ఐదో రోజుకు నోరు లోపలికి ముడుచుకుని బోసి తాతయ్యలా అయింది, లోపల నల్లటి బూజు. అదే పొలం నుంచి అదే రోజు తెచ్చిన చెక్కని కాయ పక్కనే నిగనిగలాడుతూ కూర్చుంది. తేడా అంతా తొక్కలో ఉంది. తోట నుంచి తెచ్చాక కూడా గుమ్మడి బతికే ఉంటుంది, నెమ్మదిగా ఊపిరి తీస్తూ దాచుకున్న పిండిని ఖర్చు పెట్టుకుంటుంది. తొక్క మీది మైనపు పొర నీళ్లను బయటికి పోనివ్వదు, బూజును లోపలికి రానివ్వదు. పదీ పదిహేను డిగ్రీల చల్లదనంలో, పొడిగా ఉంటే రెండు మూడు నెలలు నిలుస్తుంది. కళ్లూ ముక్కూ కోశామంటే తడీ తీపీ ఉన్న కణాలను గాలిలోని బూజుకు విస్తరి వేసి వడ్డించినట్టే. పైగా లోపల దీపం పెడితే మూత అడుగు ఉడుకుతుంది.

ఈ మైనం పనితనం చూడాలంటే మన గుమ్మాలకు వేలాడే బూడిద గుమ్మడికాయను మించినది లేదు. దాని ఒంటి మీది తెల్లటి బూడిద నిజానికి మైనమే. అందుకే ఉట్టిలో, ఎండాకాలపు వేడిలో కూడా నెలల తరబడి దిష్టి కాస్తుంది. పేరులో గుమ్మడి ఉన్నా అది వీటి ప్రజాతే కాదు. బెనిన్‌కాసా, ఆసియా సొంత కాయ. సంస్కృతంలో కూష్మాండం అదే. మనం తీపి గుమ్మడి అని ముద్దుగా పిలుచుకునేదే పరాయిది, కొలంబస్ తర్వాత అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చింది. పేరు మాత్రం పాత కాయ దగ్గర అప్పు తీసుకుంది.

లాంతరు గుమ్మడి పుట్టిల్లు మెక్సికో. ఒహాకా లోయలోని గిలా నకిట్స్ గుహలో దొరికిన పెపో గింజలు దాదాపు 10,000 ఏళ్ల నాటివి. మనిషి సాగు చేసినవని చెప్పేంత పెద్ద గింజలు. అడవి గుమ్మడి మాత్రం బంతి అంత కాయ, నోట్లో పెట్టలేనంత చేదు. కుకుర్బిటాసిన్ అనే విషపు చేదు. ఎలుకలు దగ్గరికి రావు. మరి గింజల్ని దూరాలకు మోసిందెవరు? ఫ్లోరిడాలో దొరికిన మాస్టోడాన్ పేడలో ఈ గింజలున్నాయి. మాస్టోడాన్ ఏనుగుకు దూరపు చుట్టం. అంత పెద్ద జంతువులకు చేదును పసిగట్టే జన్యువులు చిన్న జంతువుల కన్నా తక్కువ ఉంటాయని 2015లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. అవి అంతరించాక అడవి గుమ్మడి దిక్కులేనిదైంది. చాలా రకాలు తగ్గిపోయాయి. మనిషి పెరట్లో చోటు దొరికినవి మిగిలాయి.

ఈ కథ పిల్లలకు చెప్పిన ఏడు, పోర్ట్‌లాండ్‌లోని ఆరెగాన్ జూలో ఏనుగులు పెద్ద పెద్ద గుమ్మడికాయలను కాలితో చితక్కొట్టి తినే వీడియో కూడా చూపించాను. పదిసార్లు చూశారు. తర్వాత బూజు పట్టిన మా లాంతరును, టేబుల్ మీద అలంకరణకు తెచ్చిన బుల్లి కాయలను పెరట్లో కంపోస్టు కుప్ప మీద పడేశాం.

జూన్‌లో అక్కడే ఒక తీగ లేచింది. మేం వేసింది కాదు. జూలైలో ఒక పొద్దున చిన్నది నన్ను లేపి తీసుకెళ్లింది. విచ్చుకున్న పసుపు పువ్వులో, చారల ఒంటితో ఒక ఈగ, పుప్పొడి పూసుకుని నిద్రలో ఉంది. "డ్యూటీ అయిపోయిందా?" అని గుసగుసగా అడిగింది.

ఆగస్టులో కాసిన కాయ లాంతరులా గుండ్రంగా లేదు. ఆకుపచ్చ చారలతో, మెడ ఉన్న వింత ఆకారం. అలంకరణ కాయలు కూడా పెపోలే. వాటి పుప్పొడి ఏ పొలంలో ఎవరితో కలిసిందో, ఆ సంకరం మా కుప్పలో బయటపడింది. చిన్న ముక్క నాలుక కొసకు తాకించాను. చేదు! అలాంటి కాయను వెంటనే ఉమ్మెయ్యాలి, ఉడికించినా ఆ విషం పోదు. ఉమ్మేసి, మూడు గ్లాసుల నీళ్లు తాగాను.

చిన్నది కాయ వైపు, నా మొహం వైపు మార్చి మార్చి చూసింది.

"నాన్నా, ఆ పాత ఏనుగుంటే ఇది మొత్తం తినేసేదా?"