కార్డులో మొదటి గడి: హెపటైటిస్-బి టీకా ఫలితం ఎక్కడ చిక్కుకుంది?

గర్భిణికి చేసిన రక్తపరీక్షలో కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ హెపటైటిస్-బి పాజిటివ్ అని వస్తే ఇంట్లో మొదట వినిపించే మాట ఒకటే: "ఇన్నేళ్ల నుంచి సూదులు వేస్తనే ఉన్నరు గదా, మరి ఇదెట్ల వచ్చింది?" దేవరకొండలోనైనా అచ్చంపేటలోనైనా ఇదే ప్రశ్న. దీనికి జవాబు తేలికే. ఇప్పుడు తల్లులవుతున్న వాళ్లలో చాలామంది పుట్టేనాటికి సర్కారు టీకాల జాబితాలో ఇది లేదు. అసలు గొడవంతా పుట్టబోయే బిడ్డ గురించి.

హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో ఈ టీకాను దేశంలోనే తయారుచేసి ధర దించిన కథ, ఆ తర్వాత బడుల్లో నడిచిన టీకా క్యాంపులు పాఠకులకు తెలిసినవే. క్యాంపుల్లో మూడో సూది ఆరో నెలకు పడాలి. పాలమూరు వలసలకూ ఆ తేదీకీ ఎక్కడ కుదురుతుంది?

ప్రభుత్వ కార్యక్రమం 2002-03లో 14 నగరాలు, 33 జిల్లాల్లో మొదలైంది. 2007-08లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా 10 రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించింది. ఇక్కడే అసలు మలుపు ఉంది. మొదట్లో దృష్టంతా డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాల టీకా)తో పాటు 6, 10, 14 వారాలకు వేసే డోసుల మీదే. పుట్టిన రోజు వేసే జీరో డోసు ఆసుపత్రి కాన్పులకే పరిమితమైంది.

ఆ ఒక్క డోసు ఎందుకంత ముఖ్యం? పెద్దయ్యాక ఈ వైరస్ సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా దాన్ని వదిలించుకుంటారు. కాన్పు సమయంలో తల్లి నుంచి సోకిన పసిబిడ్డల్లో మాత్రం దాదాపు 90 శాతం మందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. బయటికి ఏమీ కనిపించదు. పసిరికలు రావు, జ్వరం రాదు. ముప్పై, నలభై ఏళ్లకు కాలేయం గట్టిపడటమో, క్యాన్సరో బయటపడుతుంది. అందుకే మొదటి సూది 24 గంటల్లోపే పడాలి. క్షయ టీకా బీసీజీని ఏడాదిలోపు ఎప్పుడైనా వేయొచ్చు, పోలియో జీరో డోసుకు 15 రోజుల గడువుంది. ఈ సూదికి ఆ వెసులుబాటు లేదు.

మన దగ్గర టీకా రోజులు బుధ, శనివారాలు. గురువారం రాత్రి పుట్టిన బిడ్డ శనివారం ఏఎన్ఎం చేతికి వచ్చేసరికి గడువు దాటిపోతుంది. పైగా ఒక్కో సీసాలో పది డోసులుంటాయి. ఒక్క బిడ్డ కోసం సీసా తెరిస్తే మిగతా తొమ్మిదీ వృథా అని భయం ఉండేది, వృథాకు సంజాయిషీ రాయాల్సి వచ్చేది నర్సే. తెరిచిన సీసాను 28 రోజుల దాకా వాడొచ్చన్న నిబంధన తర్వాత వచ్చింది. ఇంకో చిక్కు: వేడి తగిలితే సీసా మీది గుర్తు రంగు మారి చెబుతుంది, గడ్డకడితే మాత్రం ఏ గుర్తూ చెప్పదు. ఐస్ ప్యాక్‌కు ఆనించి పెట్టి గడ్డకట్టిన టీకా పనికిరాదు. అయినా అది వేస్తే కార్డులో టిక్కు పడుతుంది.

అధికారుల వాదన చిన్నది: మూడు డోసుల కవరేజీ బాగుంది, కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. రెండో మాట నిజమే. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆసుపత్రి కాన్పులు 97 శాతం. కానీ అదే సర్వే జిల్లా పట్టికలో ఉన్నది మూడు డోసులు పూర్తయిన పిల్లల శాతం. జీరో డోసుకు అందులో వరుసే లేదు. 2015-16 అంకెలతో పోల్చి చూద్దామన్నా కుదరదు. అప్పటి నల్గొండలో సూర్యాపేట, యాదాద్రి కలిసే ఉన్నాయి, మహబూబ్‌నగర్‌లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల కలిసే ఉన్నాయి.

కవరేజీ దాటి రక్తం దాకా వెళ్లిన పరిశీలనల్లో మనకు దగ్గరిది కృష్ణా జిల్లాది. టీకా పొందిన పిల్లల్లో ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిన ఆనవాళ్లు తక్కువగా కనిపించాయి. వైరస్‌ను మోస్తున్న పిల్లల శాతం మాత్రం టీకా పొందినవాళ్లలో, పొందనివాళ్లలో చాలా స్వల్పమే, దాదాపు సమానమే. ఢిల్లీ పిల్లల వైద్యుడు జేకబ్ పులియేల్ వంటివాళ్లు అసలు వ్యాధి భారాన్నే ఎక్కువ చేసి చూపారని ముందు నుంచీ అంటున్నారు. ఆ వాదనను తోసిపుచ్చలేం. అయితే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో 2022 నాటికి దేశంలో 2.98 కోట్ల మంది హెపటైటిస్-బితో ఉన్నారు.

1984లో ఈ టీకా మొదలుపెట్టిన తైవాన్ పదేళ్లకు పిల్లల రక్తం పరీక్షించి చూసుకుంది. వైరస్‌ను మోస్తున్న పిల్లలు 10 శాతానికి దగ్గరగా ఉన్నది 1.3 శాతానికి దిగింది. బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, థాయ్‌లాండ్ 2019లోనే వైరస్‌ను మోసే పిల్లలను ఒక శాతంలోపుకు తేవాలన్న లక్ష్యాన్ని చేరినట్టు ధ్రువీకరణ పొందాయి. ఆ నలుగురిలో మనం లేము.

2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం తల్లిని పరీక్షించడం, పాజిటివ్ తల్లి బిడ్డకు టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల సూది) ఇవ్వడం కలిపింది. జిల్లా కేంద్రంలో కాన్పయితే ఇది జరిగే పని. నల్లమల లోపలి పెంటలో (చెంచుల గూడెంలో), మంత్రసాని చేతుల్లో, అర్ధరాత్రి పుట్టిన చెంచు బిడ్డకు ఆ సీసా మర్నాటిలోగా చల్లగా చేరాలి.