గూడ్స్ వ్యాగన్‌కి పాతదనం: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మా మేడ మీద గదిలో హెచ్‌ఓ స్కేల్ (అసలు బండిలో 87వ వంతు) మోడల్ గూడ్స్ వ్యాగన్లకు వెదరింగ్ చేస్తుంటాను, అంటే వాడి పాతబడినట్టు కనిపించేలా రంగులు వేస్తుంటాను. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నాతో తరచూ అనే మాటలివి.

అపోహ: నల్లరంగు పలచగా పూస్తే బండి పాతదైపోతుంది.

వాస్తవం: ఒక పూట రేణిగుంట ప్లాట్‌ఫాం మీద నిలబడి, బొగ్గు దించి ఖాళీగా వెళ్లే బాక్స్‌ఎన్ (పైకప్పు లేని) వ్యాగన్లను చూడండి. బయటి గోడ మీద కనిపించేది నలుపు కంటే ఎండకు వెలిసిన ఎర్రగోధుమ రంగు, దాని మీద దుమ్మే. నీళ్లు నిలిచే కింది అంచుల్లో, వెల్డింగ్ అతుకుల దగ్గర, పెయింటు లేచిన చోట తుప్పు మొదలై వాననీటితో నిలువుగా జారుతుంది. లోపలి గోడల మీద మాత్రం బొగ్గు రాసుకొని రాసుకొని పెయింటు పెద్దగా మిగలదు. అదే సిమెంటు మోసే బీసీఎన్ (పైకప్పు ఉన్న వ్యాగన్) అయితే తలుపుల దగ్గర బూడిదరంగు పొడి పట్టి ఉంటుంది. ఏ బండి ఏం మోసిందో తెలుసుకున్నాకే నేను బ్రష్ పట్టుకుంటాను.

ఆ జారిన తుప్పు చారకి అతుకు మీద ఆయిల్ పెయింటు సూదిమొనంత పెడతాను. బ్రష్‌ని టర్పెంటైన్‌లో ముంచి, టిష్యూ మీద దాదాపు ఆరేదాకా ఒత్తి, పైనుంచి కిందికి ఒకే ఒక్కసారి లాగుతాను. రెండోసారి లాగితే చార చెదిరిపోతుంది.

అపోహ: తుప్పు ఎంత ఎక్కువుంటే అంత సహజం.

వాస్తవం: మన స్కేలు 1:87. మోడల్ మీద 3 మి.మీ. చుక్క అంటే అసలు వ్యాగన్ మీద 26 సెం.మీ., అంటే అన్నం పళ్లెమంత మచ్చ! పైగా బాక్స్‌ఎన్‌లోనే మరో రకమైన బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ గోడలు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. ఒకసారి దాని నిండా నారింజరంగు తుప్పు వేసి మురిసిపోయాను. మా వీధిలో రిటైరైన రైల్వే పెద్దాయన చూసి, "ఈ గోడలకి ఇంత తుప్పు ఎక్కడిదప్పా?" అన్నారు. అంతా తుడిచి మళ్లీ చేశాను.

అపోహ: దుమ్ము, తుప్పు చూపించడానికి విదేశీ రంగు పౌడర్లు కొనాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. స్టేషనరీ షాపులో దొరికే డ్రై పాస్టెల్‌ని (సుద్దముక్కలాంటి రంగు) బ్లేడుతో పొడిగా గీకితే చాలు. ముందు వ్యాగన్‌కి మ్యాట్ (మెరవని) వార్నిష్ కొట్టండి, నున్నటి ప్లాస్టిక్ మీద పొడి నిలవదు.

అపోహ: చక్రాలకూ మొత్తం రంగు వేయాలి.

వాస్తవం: చక్రం పక్కభాగానికే వేయాలి. పట్టాను తాకే అంచు అసలు బండికీ మెరుస్తూనే ఉంటుంది. మోడల్‌లో అక్కడ రంగు అంటితే ఊడి పట్టాల మీద పేరుకొని, పట్టాల నుంచే కరెంటు తీసుకునే ఇంజిన్‌కి అది సరిగా అందదు. అంటిన వెంటనే టూత్‌పిక్‌తో గీకేయండి.