స్టాక్‌లో లేని ఫ్రేమ్‌ను డీబగ్గర్ ఎందుకు చూపిస్తుంది?

నడుస్తున్న ప్రోగ్రామ్‌ను ఆపి లోపలికి చూపే పరికరం డీబగ్గర్. అందులో బీటీ (బ్యాక్‌ట్రేస్) ఆదేశం కొట్టగానే వచ్చే ఫంక్షన్ల వరుసను ఎవరు ఎవర్ని పిలిచారో చెప్పే సాక్ష్యంగా నమ్ముతాం. స్టాక్ అంటే నడుస్తున్న ఫంక్షన్ల వివరాలు ఒకదానిమీద ఒకటి పేర్చే మెమరీ, అందులో ఒక్కో ఫంక్షన్ వాటా ఒక్కో ఫ్రేమ్. నిజానికి స్టాక్‌లో దాచి ఉంచేది ఎవరు పిలిచారన్నది కాదు, పనయ్యాక ఎక్కడికి తిరిగి వెళ్లాలన్నది. స్టాక్‌లో లేకపోయినా డీబగ్గర్ చేర్చి చూపే కృత్రిమ ఫ్రేముల అవసరం ఈ తేడాలోంచే పుట్టింది.

ఒక చిన్న సీ ప్రోగ్రామ్ చూడండి. మెయిన్ ‘బిల్లు’ను పిలుస్తుంది. బిల్లు చిట్టచివర ‘పన్ను’ను పిలిచి, అదిచ్చిన విలువనే తిప్పి ఇస్తుంది. మూడూ వేర్వేరు ఫైళ్లలో ఉన్నాయి. వేగం కోసం కంపైలర్ కోడ్‌ను మార్చే ఆప్టిమైజేషన్ లేకపోతే మూడు ఫ్రేములూ కనిపిస్తాయి. ఆప్టిమైజేషన్ కోరే ఓ2 ఆప్షన్‌తో కంపైల్ చేస్తే బిల్లు చివర కాల్ బదులు, తిరిగి రానక్కర్లేని జంప్ వస్తుంది, బిల్లు చోటు పన్నుకు దక్కుతుంది. పన్నులో బ్రేక్‌పాయింట్ పెట్టి ఆపితే పైన పన్ను, కింద మెయిన్, అంతే. మెయిన్ సోర్సులో పన్ను అన్న మాటే లేదు! మొదటిసారి చూసినవాళ్లు స్టాక్ పాడైందనే అనుకుంటారు.

కంపైలర్ చేసింది తప్పేమీ కాదు. చివరి కాల్ అంటే ఆర్గ్యుమెంట్లు మోసుకెళ్లే గోటూ (నేరుగా మరోచోటికి దూకే ఆదేశం) లాంటిదేనని కంప్యూటర్ శాస్త్రవేత్త గై స్టీల్ 1977లోనే వాదించారు. స్కీమ్ అనే ప్రోగ్రామింగ్ భాష ప్రమాణం ఈ పద్ధతిని తప్పనిసరి చేసింది. సీ కంపైలర్లు వేగం కోసం ఆ దారి పట్టాయి.

ఈ చిక్కు తీర్చకముందే జీడీబీ అనే డీబగ్గర్‌కు వేరే రకం కల్పిత ఫ్రేములు అలవాటే. మనం చేత్తో ఒక ఫంక్షన్‌ను పిలిచి మధ్యలో ఆగితే, ‘ఫంక్షన్ కాల్డ్ ఫ్రమ్ జీడీబీ’ అని ఒక డమ్మీ వరుస కనిపిస్తుంది. 2009లో వచ్చిన 7.0 వెర్షన్ ఇన్‌లైన్ ఫంక్షన్లకూ (పిలిచినచోటే కోడ్ కలిపేసినవి) ఫ్రేములు చూపింది. అక్కడ అసలు ఫ్రేమ్ ఒకటి ఉంది, దాన్నే విడదీసి చూపిస్తే సరిపోయింది. బిల్లు విషయంలో స్టాక్ మీద ఆనవాలే లేదు.

అందుకని ఆనవాలు కంపైలరే వదలాల్సి వచ్చింది. ఏ కాల్ ఎక్కడుంది, ఎవరికి పోతుంది, అది చివరి కాలా అన్న వివరాలను డీబగ్ సమాచారంలో రాయడం జీసీసీ కంపైలర్ 4.7, జీడీబీ 7.4తో 2012లో వాడుకలోకి వచ్చింది. 2017లో, డీబగ్ సమాచారం రూపాన్ని నిర్ణయించే డ్వార్ఫ్ 5 దాన్ని ప్రమాణం చేసింది. 2018లో మరో డీబగ్గర్ ఎల్ఎల్‌డీబీ కూడా అందుకుంది. ‘మెయిన్ పిలిచింది బిల్లును, ఇప్పుడున్నది పన్నులో, బిల్లు నుంచి పన్నుకు దారి ఒక్కటే’ అని తేలితే డీబగ్గర్ మధ్యలో బిల్లును నిలబెడుతుంది. దారులు రెండైతే ఎల్ఎల్‌డీబీ ఏదీ చూపదు. జీడీబీ అయితే అన్ని దారుల్లోనూ తప్పక ఉండే ఫ్రేములనే ఉంచుతుంది. ఊహించి ఒకదాన్ని ఎంచకపోవడమే ఈ రెండింటిలోనూ నాకు బాగా నచ్చింది. తప్పు ఫ్రేమ్ కన్నా ఖాళీ నయం.

చూపించడంతో పని అయిపోలేదు. ఆ ఫ్రేమ్‌కు తిరుగు చిరునామా లేదు, ప్రాసెసర్‌లో విలువలు దాచే రిజిస్టర్లను పన్ను ఎప్పుడో వాడేసుకుంది. పన్ను నుంచి బయటికి అడుగేస్తే బిల్లులో ఆగడం కుదరదు, కృత్రిమ ఫ్రేములన్నీ దాటి మెయిన్‌లోనే ఆగాలి. అందుకే ఎల్ఎల్‌డీబీ ఆ వరుస చివర ‘ఆర్టిఫిషియల్’ అని ముద్ర వేస్తుంది. స్క్రిప్టులు రాసేవాళ్ల కోసం ఈజ్‌ఆర్టిఫిషియల్ అన్న పిలుపు కూడా ఉంది. ఫ్రేములు లెక్కపెట్టే స్క్రిప్టు ఏదైనా ముందు దాన్ని అడిగి తీరాలి.

ఫ్రేమ్ నుంచి ఫ్రేమ్‌కు దారి చూపే ఫ్రేమ్ పాయింటర్లు పట్టుకుని నడిచే ప్రొఫైలర్లకు (ఏ ఫంక్షన్ ఎంత సమయం తింటోందో లెక్కించే పరికరాలకు) మాత్రం ఈ సౌకర్యం లేదు. వాటి లెక్కలో ఇప్పటికీ మెయినే పన్నును పిలుస్తోంది, బిల్లు ఊసే ఉండదు.