మోకాలికి అరువు తాడు

కబడ్డీ కూతకు వెళ్లిన కుర్రవాడు చటుక్కున వెనక్కి తిరగబోయి కూలబడతాడు. మోకాట్లో 'టప్'మన్న చప్పుడు తనకే వినిపిస్తుంది. సాయంత్రానికి మోకాలు వాచిపోతుంది. స్కానింగులో ఏసీఎల్ తెగిందని తేలుతుంది. తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ కీలు నడిమధ్య ఏటవాలుగా పట్టి ఉంచే లిగమెంట్, అంటే ఎముకను ఎముకతో కట్టే తాడు, ఇది. పొడవు మూడు సెంటీమీటర్ల పైచిలుకు మాత్రమే. పూర్తిగా తెగితే చాలామందిలో మళ్లీ అతుక్కోదు. తెగిన కొసల మధ్య రక్తం గడ్డకట్టి నిలవకుండా కీలులోని ద్రవం కడిగేస్తూ ఉంటుంది. అందుకే ఆపరేషన్ అవసరమైనవారికి శరీరంలో మరోచోటి నుంచి టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి అమరుస్తారు. అలా అమర్చినదే గ్రాఫ్టు.

'ఏ టెండాన్ గట్టిది డాక్టరుగారూ?' అని అందరూ అడుగుతారు. నా దృష్టిలో అది అడగాల్సిన మొదటి ప్రశ్న కాదు. ప్రయోగశాలలో లాగి చూస్తే యువకుల ఏసీఎల్ సుమారు 2,160 న్యూటన్ల దగ్గర తెగింది. అంటే రెండు క్వింటాళ్ల పైన బరువు. మోకాలిచిప్ప కింది టెండాన్‌లో 10 మిల్లీమీటర్ల పట్టీ దాదాపు 3,000 న్యూటన్లు, నాలుగు పేటలు వేసిన హామ్‌స్ట్రింగ్ (తొడ వెనకవైపు కండరాల టెండాన్) సుమారు 4,000 న్యూటన్లు ఓర్చుకుంటాయి. రెండూ అసలుదానికంటే గట్టివే. కానీ ఆ బలం మొదటి రోజుది. రక్తసరఫరా తెగిన గ్రాఫ్టులో కణాలు చాలావరకు చనిపోతాయి. తర్వాత చుట్టుపక్కల నుంచి రక్తనాళాలు అందులోకి చొచ్చుకొస్తాయి, కొత్త కణాలు చేరి దాన్ని మెల్లగా లిగమెంట్‌లా మలుస్తాయి. అందుకు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. చిత్రమేమిటంటే, రోగి హాయిగా నడుస్తూ 'నాకేం, బాగున్నాను' అనుకునే మూడో నెలలో గ్రాఫ్టు ఇంకా బలహీనంగానే ఉంటుంది. 2016లో వెలువడిన ఒక పరిశోధనలో, మైదానంలోకి తిరిగి వెళ్లడాన్ని తొమ్మిదో నెల వరకు వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ గాయపడే రేటు దాదాపు సగానికి తగ్గింది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, ఎక్కడి నుంచి తీస్తే మనకు తక్కువ నష్టమన్నది. చిప్ప కింది టెండాన్‌ను రెండు కొసలా ఎముక ముక్కలతో సహా తీస్తారు. ఎముక ఎముకతో త్వరగా అతుకుతుంది గనుక వేగంగా మలుపులు తిరిగే ఆటగాళ్లకు చాలామంది సర్జన్లు దీన్నే ఎంచుకుంటారు. అయితే మోకాలు నేలకు ఆనిస్తే నొప్పి మిగిలే అవకాశం ఎక్కువ. నమాజు చేసేవారికి, చర్చిలో మోకరిల్లేవారికి, టైల్సు పరిచే మేస్త్రీకి ఇది చిన్న సంగతేమీ కాదు.

హామ్‌స్ట్రింగ్‌తో ఆ బాధ తక్కువ, కానీ మోకాలిని బాగా మడిచేటప్పుడు పట్టు కొంత తగ్గుతుంది. పైగా సన్నని మనుషుల్లో టెండాన్లూ సన్నగా ఉండవచ్చు. గ్రాఫ్టు మందం 8 మిల్లీమీటర్ల లోపుంటే విఫలమయ్యే ముప్పు పెరుగుతుంది. తీసిన చోట మాత్రం ఒక వింత జరుగుతుంది. చాలామందిలో ఆ టెండాన్ బల్లి తోకలా మళ్లీ మొలుస్తుంది, అచ్చం పాతదానిలా కాకపోయినా.

తొడ ముందువైపు నుంచి మందపాటి క్వాడ్రిసెప్స్ టెండాన్‌నూ, చీలమండ పక్క నుంచి పెరోనియస్‌నూ తీసేవారున్నారు. మరణించిన దాతల కణజాలంతో మన కాలికి కోత తప్పుతుంది, కానీ యువ ఆటగాళ్లలో అది ఎక్కువగా తెగుతోంది. 1980లలో కృత్రిమ దారాలనూ ప్రయత్నించారు. అవి కీలులో అరిగి పోగులై వాపు తెచ్చాయి.

పెట్టిన గ్రాఫ్టూ తెగితే, సర్జన్ ఈసారి గాయపడని కాలి వైపు కూడా చూస్తాడు.